జో స్ట్రమ్మర్

జో స్ట్రమ్మర్ (1952 ఆగస్టు 21 - 2002 డిసెంబరు 22) బ్రిటీషు రాక్ గాయకుడు, గీత రచయిత, గిటారు వాద్యకారుడు. ఇతని అసలు పేరు జాన్ గ్రాహం మెల్లర్. 1976లో లండన్ నగరంలో ఏర్పడిన 'ది క్లాష్' అనే పంక్ రాక్ సంగీత బృందానికి ప్రధాన గాయకునిగా ప్రసిద్ధి చెందాడు. నిరుద్యోగం, జాతివివక్ష, యుద్ధం వంటి విషయాలను రాక్ పాటలోనికి తెచ్చినవారిలో ఇతడు ముఖ్యుడు. బృందం కీర్తి శిఖరాన్ని చేరిన సమయంలోనే తన తోటి రచయిత మిక్ జోన్స్‌ను తొలగించి, ఆ బృందం పతనానికి తానే కారకుడైనాడు. అది తన తప్పేనని తరువాతి కాలంలో బహిరంగంగా అంగీకరించాడు. మరణానికి దాదాపు అయిదు వారాల ముందు వీరిద్దరూ పందొమ్మిది సంవత్సరాల అనంతరం ఒకే వేదికపై కలిసి పాడారు.

బాల్యం, కుటుంబం

స్ట్రమ్మర్ టర్కీ రాజధాని అంకారాలో జన్మించాడు. తండ్రి రోనాల్డ్ మెల్లర్ భారతదేశంలోని లక్నోలో పుట్టినవాడు. ఆయన బ్రిటీషు విదేశాంగ శాఖలో ఉద్యోగి. తల్లి అన్నా మెకంజీ స్కాట్లండ్ ఉత్తర ప్రాంతంలోని ఒక చిన్న రైతు కుటుంబానికి చెందినది, వృత్తిరీత్యా నర్సు. తండ్రి ఉద్యోగరీత్యా ఈ కుటుంబం అంకారా, కైరో, మెక్సికో నగరం, బాన్‌లలో నివసించింది. అందువల్ల చిన్ననాటనే స్ట్రమ్మర్‌కు పలు భాషలు, పలు సంగీత రీతులు చెవిన పడ్డాయి.

తొమ్మిదవ యేట ఇతనిని, అన్న డేవిడ్‌ను ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో గల సిటీ ఆఫ్ లండన్ ఫ్రీమెన్స్ స్కూలులో చేర్చారు. అక్కడి వసతిగృహంలోనే అన్నదమ్ములు పెరిగారు. తల్లిదండ్రులు విదేశాలలో ఉండటం వల్ల వారిని సంవత్సరానికి ఒకటి రెండు మార్లు మాత్రమే చూడగలిగేవారు. చదువులో స్ట్రమ్మర్ అంతంతమాత్రమే. రేడియోలో, రికార్డులలో విన్న రోలింగ్ స్టోన్స్, బీటిల్స్, బీచ్ బాయ్స్ పాటలు, అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ రచనలు ఇతనిని ఆకర్షించాయి. గత్రీపై గల అభిమానంతో కొంతకాలం తన పేరును వుడీ అని చెప్పుకొన్నాడు.

సోదరుని మరణం

డేవిడ్ మితభాషి, ఏకాంతప్రియుడు. యౌవనంలో అతడు వలసవచ్చిన నల్లజాతివారిని, ఆసియావాసులను వ్యతిరేకించే నేషనల్ ఫ్రంట్ అనే తీవ్ర జాతివాద పక్షం వైపు మొగ్గాడు. 1970 జూలైలో అతడు లండన్‌లో ఆత్మహత్య చేసుకొన్నాడు. మృతదేహాన్ని గుర్తించే బాధ్యత పద్దెనిమిదేళ్ళు కూడా నిండని స్ట్రమ్మర్‌పై పడింది. ఈ సంఘటన గురించి ఇతడు జీవితాంతం చాలా తక్కువగా మాట్లాడాడు. తరువాతి కాలంలో జాతివివక్షకు వ్యతిరేకంగా ఇతడు తీసుకొన్న నిశ్చయమైన వైఖరికి ఈ దుర్ఘటన కూడా ఒక కారణమని జీవితచరిత్రకారులు భావిస్తారు.

శ్మశానంలో ఉద్యోగం, వీధి గానం

అదే సంవత్సరం స్ట్రమ్మర్ లండన్‌లోని సెంట్రల్ స్కూల్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్‌లో చేరాడు. కార్టూన్ చిత్రకారుడు కావాలని ఇతని కోరిక. కాని ఆ చదువును మధ్యలోనే వదలివేశాడు. 1973లో వేల్స్‌లోని న్యూపోర్ట్ పట్టణానికి వెళ్ళి, అక్కడి సెయింట్ వూలోస్ శ్మశానంలో గోతులు త్రవ్వే పనిలో చేరాడు. ఆ ఊరి కళాశాల విద్యార్థుల బృందమైన 'ది వల్చర్స్'లో పాడటం ఇతని తొలి సంగీతానుభవం.

1974లో లండన్ తిరిగివచ్చి, భూగర్భ రైలుమార్గాలలో గిటారు వాయిస్తూ బాటసారులిచ్చే చిల్లరతో పొట్టపోసుకొన్నాడు. ఆ రోజులలో లండన్‌లో కూల్చివేతకు సిద్ధంగా ఉన్న పాత ఇండ్లు అనేకం ఖాళీగా ఉండేవి. ఇల్లులేని యువకులు అద్దె చెల్లించకుండా వాటిలో చేరి కలిసి జీవించేవారు. స్ట్రమ్మర్ అటువంటి ఒక ఇంటిలో, వాల్టర్టన్ రోడ్డు 101వ నంబరులో నివసించాడు. అక్కడి మిత్రులతో కలిసి స్థాపించిన బృందానికి ఆ ఇంటి నంబరు మీదుగానే 'ది వన్-ఓ-వనర్స్' అని పేరు పెట్టారు. ఈ బృందం మద్యశాలలలో పాత రాక్ అండ్ రోల్ పాటలను వాయించేది.

1975లో ఇతడు జో స్ట్రమ్మర్ అని పేరు మార్చుకొన్నాడు. గిటారు తీగలను విడివిడిగా మీటకుండా అన్నింటినీ ఒక్కసారిగా వాయించడాన్ని ఆంగ్లంలో స్ట్రమ్మింగ్ అంటారు. తనకు తెలిసిన విద్య అంతవరకేనని తన మీద తానే వేసుకొన్న పరిహాసమే ఈ పేరు. స్ట్రమ్మర్ ఎడమచేతి వాటం కలవాడు. అయినా కుడిచేతి వాటం వారి గిటారునే నేర్చుకొన్నాడు. నైపుణ్యం కావలసిన పని వాటం లేని చేతికి పడటంతో ఇతని వాదనం సున్నితంగా కాక, మోటుగా, లయప్రధానంగా రూపొందింది.

ది క్లాష్ ఆవిర్భావం

1970వ దశకం మధ్యభాగంలో బ్రిటన్ ఆర్థిక సంక్షోభంలో ఉండినది. నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటింది. ఆనాటి ప్రసిద్ధ రాక్ బృందాలు ఖరీదైన వాద్యపరికరాలతో, సుదీర్ఘమైన స్వరరచనలతో సామాన్య యువకులకు దూరమయ్యాయి. దానికి ప్రతిక్రియగా రెండు మూడు నిమిషాలలో ముగిసే, వేగవంతమైన, పెద్ద శిక్షణ అవసరం లేని సంగీతం పుట్టింది. దానికే పంక్ రాక్ అని పేరు.

1976 ఏప్రిల్‌లో లండన్‌లోని నాష్‌విల్ రూమ్స్ అనే చోట స్ట్రమ్మర్ బృందం కచేరీకి ముందు సెక్స్ పిస్టల్స్ అనే కొత్త బృందం వాయించింది. వారిని చూసిన స్ట్రమ్మర్‌కు తన బృందానికి కాలం చెల్లిందని అర్థమైంది. కొద్ది వారాలకే బెర్నీ రోడ్స్ అనే మేనేజరు తాను కూర్చుతున్న బృందంలోనికి ఇతనిని ఆహ్వానించాడు. ఆలోచించుకోవడానికి రెండు రోజుల గడువివ్వగా స్ట్రమ్మర్ ముందుగానే అంగీకరించాడు. ఆ బృందంలో మిక్ జోన్స్, కీత్ లెవీన్ గిటారు, పాల్ సైమనన్ బేస్ గిటారు, టెర్రీ చైమ్స్ డ్రమ్ములు వాయించేవారు. క్లాష్ అన్న పేరును సూచించినది సైమనన్. ఆంగ్లంలో దానికి ఘర్షణ అని అర్థం.

క్లాష్‌లో చేరిన పిదప స్ట్రమ్మర్ జుట్టు కత్తిరించుకొని, వేషం మార్చి, పాత ఇంటి మిత్రులతో చాలావరకు సంబంధాలు తెంచుకొన్నాడు. కొత్త దారి పట్టినప్పుడు వెనుకటివారిని ఒక్కసారిగా విడిచిపెట్టే ఈ స్వభావం అతని జీవితంలో మరల మరల కనిపిస్తుంది.

తొలి ఆల్బములు

క్లాష్ తొలి ప్రదర్శన 1976 జూలై 4న షెఫీల్డ్ నగరంలో జరిగింది. ఆగస్టు నెలలో లండన్‌లోని నాటింగ్ హిల్ ప్రాంతంలో కరీబియన్ వలస ప్రజల ఉత్సవంలో నల్లజాతి యువకులకు, పోలీసులకు మధ్య అల్లర్లు చెలరేగాయి. స్ట్రమ్మర్, సైమనన్ అప్పుడు అక్కడే ఉన్నారు. ఆ అనుభవం నుండి వచ్చినదే 1977 మార్చిలో విడుదలైన 'వైట్ రయట్' అనే పాట. శ్వేతజాతి యువకులు కూడా అన్యాయాన్ని ఎదిరించాలన్నది దాని భావం. పేరును బట్టి కొందరు దానిని జాతివాద గీతమని పొరబడ్డారు.

1977 జనవరిలో ఈ బృందం సీబీఎస్ రికార్డుల సంస్థతో లక్ష పౌండ్ల ఒప్పందం కుదుర్చుకొన్నది. పెద్ద వ్యాపార సంస్థలను విమర్శించేవారే వాటి చేతిలో పడ్డారని పంక్ అభిమానులు కొందరు ఆక్షేపించారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో బృందం పేరుతోనే వచ్చిన తొలి ఆల్బము బ్రిటన్‌లో 12వ స్థానం పొందింది. పిమ్మట సీబీఎస్ సంస్థ తమను సంప్రదించకుండా ఒక పాటను విడిగా విడుదల చేయడంతో, ఆ సంస్థనే విమర్శిస్తూ 'కంప్లీట్ కంట్రోల్' అనే పాటను రచించి అదే సంస్థ ద్వారా వెలువరించారు. దీనికి జమైకా సంగీత దర్శకుడు లీ స్క్రాచ్ పెర్రీ నిర్మాతగా వ్యవహరించాడు. లెవీన్, చైమ్స్ అప్పటికే తప్పుకోగా, టాపర్ హెడన్ డ్రమ్మరుగా చేరాడు.

1978 ఏప్రిల్ 30న రాక్ అగెయిన్స్ట్ రేసిజం అనే ఉద్యమం తరఫున లండన్ విక్టోరియా పార్కులో జరిగిన భారీ సభలో క్లాష్ పాడింది. స్ట్రమ్మర్ అన్నను ఆకర్షించిన నేషనల్ ఫ్రంట్ పక్షానికి వ్యతిరేకంగా జరిగిన సభ ఇది. అదే సంవత్సరం నవంబరులో వచ్చిన రెండవ ఆల్బము 'గివ్ ఎమ్ ఎనఫ్ రోప్' బ్రిటన్‌లో రెండవ స్థానానికి చేరింది.

లండన్ కాలింగ్

1979 డిసెంబరులో విడుదలైన 'లండన్ కాలింగ్' క్లాష్ రచనలలో మేటిగా పరిగణింపబడుతుంది. గై స్టీవెన్స్ దీని నిర్మాత. పంక్‌తో పాటు రెగే, స్కా, జాజ్, రాకబిల్లీ మొదలైన రీతులు ఇందులోని 19 పాటలలో కలిసిపోయాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బీబీసీ తన విదేశీ ప్రసారాల ఆరంభంలో వాడిన పలుకుబడి నుండి ఈ పేరును తీసుకొన్నారు. 1979 మార్చిలో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం, థేమ్స్ నది పొంగి లండన్ మునుగుతుందన్న భయం శీర్షిక గీతానికి వస్తువులు. ఇందులోనే ఉన్న 'స్పానిష్ బాంబ్స్' అనే గీతం స్పెయిన్ అంతర్యుద్ధానికి సంబంధించినది.

రెండు రికార్డులు గల ఈ ఆల్బమును ఒక్క రికార్డు ధరకే అమ్మాలని బృందం పట్టుబట్టి సాధించుకొన్నది. న్యూయార్క్ వేదికపై సైమనన్ తన గిటారును నేలకేసి కొడుతుండగా పెన్నీ స్మిత్ తీసిన ఛాయాచిత్రం దీని ముఖచిత్రం. రోలింగ్ స్టోన్ పత్రిక దీనిని 1980వ దశకపు అత్యుత్తమ ఆల్బముగా ఎంపిక చేసింది. 1980 జనవరిలో అమెరికాలో విడుదల కావడం వల్ల దీనిని ఆ దశకంలో చేర్చారు.

1980 డిసెంబరులో 36 పాటలతో, మూడు రికార్డులుగా 'శాండినిస్టా!' వెలువడింది. 1979లో నికరాగ్వా నియంత సొమోజాను గద్దెదించిన ఉద్యమం పేరు ఇది. ఈ ఆల్బము ధరను తక్కువగా ఉంచడం కోసం మొదటి రెండు లక్షల ప్రతులపై రావలసిన రాయల్టీని బృందం వదులుకొన్నది. ఆదర్శం నిలిచింది కాని, బృందం అప్పులు పెరిగాయి. 1981లో న్యూయార్క్‌లోని బాండ్స్ అనే వినోదశాలలో ఎనిమిది ప్రదర్శనలకు పరిమితికి మించి టికెట్లు అమ్ముడయ్యాయి. అగ్నిమాపక నిబంధనల కారణంగా అధికారులు అభ్యంతరం తెలుపగా, టికెట్లు కొన్నవారెవరూ నష్టపోకుండా బృందం మొత్తం 17 ప్రదర్శనలు ఇచ్చింది.

విజయం, విచ్ఛిన్నం

1982 మే నెలలో విడుదలైన 'కాంబాట్ రాక్' అమెరికాలో ఏడవ స్థానానికి చేరింది. విడుదలకు ముందు స్ట్రమ్మర్ ఎవరికీ చెప్పకుండా కొన్ని వారాలపాటు పారిస్‌లో గడిపాడు. టికెట్ల అమ్మకం పెంచడానికి అదృశ్యమైనట్లు నటించమని రోడ్స్ సలహా ఇవ్వగా, ఇతడు నిజంగానే అదృశ్యమయ్యాడు. తిరిగివచ్చిన వెంటనే, హెరాయిన్‌కు బానిసయిన హెడన్‌ను బృందం నుండి తొలగించారు. ఈ ఆల్బములోని 'రాక్ ద కాస్బా' పాటకు బాణీని ప్రధానంగా కూర్చినది హెడన్. 1979 ఇస్లామిక్ విప్లవానంతరం ఇరాన్‌లో రాక్ సంగీతంపై విధించిన నిషేధం దీని సాహిత్యానికి ప్రేరణ. ఆ పాట అమెరికాలో ఎనిమిదవ స్థానం పొంది, క్లాష్‌కు అక్కడ అతి పెద్ద విజయం అయినది. స్వరకర్త అప్పటికే బృందంలో లేడు.

1982 అక్టోబరులో న్యూయార్క్ షే స్టేడియంలో 'ది హూ' బృందానికి ముందు క్లాష్ వాయించింది. 1983 మే 28న కాలిఫోర్నియాలో జరిగిన యుఎస్ ఫెస్టివల్‌లో పాల్గొన్నందుకు బృందానికి అయిదు లక్షల డాలర్లు లభించాయి. ఆ వేదికపైనే స్ట్రమ్మర్ నిర్వాహకులను, ధనదాహాన్ని దుయ్యబట్టాడు. మిక్ జోన్స్ క్లాష్‌తో వాయించిన చివరి ప్రదర్శన అదే.

క్లాష్ పాటలలో అత్యధిక భాగం స్ట్రమ్మర్ సాహిత్యానికి జోన్స్ బాణీలు కట్టగా రూపొందినవి. ఒకరు లేనిదే మరొకరు లేరన్నట్లుగా సాగిన ఈ జంట మధ్య 1982 నాటికి మాటలు తగ్గిపోయాయి. జోన్స్ ఆలస్యంగా వస్తాడని, తారలా ప్రవర్తిస్తాడని స్ట్రమ్మర్ ఆరోపణ. కొత్త యంత్రవాద్యాల వైపు జోన్స్‌కు గల ఆసక్తి కూడా ఇతనికి నచ్చలేదు. 1983 సెప్టెంబరులో స్ట్రమ్మర్, సైమనన్ రోడ్స్ ప్రోత్సాహంతో జోన్స్‌ను తొలగించారు.

కొత్త వాద్యకారులతో కొనసాగిన బృందం 1985 మేలో బ్రిటన్ నగరాల వీధులలో పాడుతూ తిరిగింది. కాని ఆ సంవత్సరం నవంబరులో వెలువడిన 'కట్ ద క్రాప్' ఆల్బములో రోడ్స్ తానే స్వరరచనలో జోక్యం చేసుకొని, డ్రమ్ముల బదులు యంత్రాలను వాడాడు. ఏ యంత్రాల ఆసక్తి కారణంగా జోన్స్‌ను నిందించారో, ఆ యంత్రాలే అతడు లేని ఆల్బమును నింపివేశాయి. దీనిలోని 'దిస్ ఈజ్ ఇంగ్లండ్' అనే పాట తప్ప మిగిలినవి విమర్శకులకు నచ్చలేదు. స్ట్రమ్మర్ బహమాస్ దీవులకు వెళ్ళి, జోన్స్‌ను తిరిగి రమ్మని కోరాడు. అప్పటికి జోన్స్ 'బిగ్ ఆడియో డైనమైట్' అనే సొంత బృందాన్ని నడుపుతున్నాడు, కనుక అంగీకరించలేదు. 1986 తొలినాళ్ళలో క్లాష్ రద్దయింది.

మరుగున పడిన సంవత్సరాలు

1986లో స్ట్రమ్మర్ జోన్స్ బృందం రెండవ ఆల్బముకు పాటలు వ్రాసి, నిర్మాణంలో సహకరించాడు. మైత్రి తిరిగి చిగురించింది కాని, క్లాష్ పునరుద్ధరణ జరగలేదు. తరువాత అలెక్స్ కాక్స్ దర్శకత్వంలో 'స్ట్రెయిట్ టు హెల్' (1987), జిమ్ జార్ముష్ దర్శకత్వంలో 'మిస్టరీ ట్రెయిన్' (1989) చలనచిత్రాలలో నటించాడు. నికరాగ్వాలో చిత్రీకరించిన 'వాకర్' (1987) చిత్రానికి సంగీతం సమకూర్చాడు. 1989లో వెలువడిన సొంత ఆల్బము 'ఎర్త్‌క్వేక్ వెదర్' ఆదరణకు నోచుకోలేదు. దాని పిమ్మట పది సంవత్సరాల వరకు ఇతని పేరుతో కొత్త ఆల్బము రాలేదు. ఐరిష్ బృందమైన 'ది పోగ్స్' ఆల్బము 'హెల్స్ డిచ్' (1990)కు నిర్మాతగా పనిచేసి, 1991లో షేన్ మెక్‌గోవన్ స్థానంలో కొంతకాలం ఆ బృందానికి గాయకునిగా ఉన్నాడు.

విచిత్రమేమంటే ఇతడు మౌనంగా ఉన్న ఆ రోజులలోనే పాత పాటలు కొత్త జీవం పొందాయి. 1991లో లీవైస్ జీన్స్ ప్రకటనలో వాడటం వలన 'షుడ్ ఐ స్టే ఆర్ షుడ్ ఐ గో' పాట బ్రిటన్‌లో మొదటి స్థానం పొందింది. క్లాష్ బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందిన పాట ఇదొక్కటే. ఆ యేడే గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైనికుల రేడియోలో 'రాక్ ద కాస్బా' ప్రసారమైంది. ఆ పాట పేరును ఒక బాంబుపై వ్రాశారని విని స్ట్రమ్మర్ కంటతడి పెట్టాడని మిత్రులు చెప్పారు.

మెస్కలెరోస్

1990వ దశకం చివర స్ట్రమ్మర్ బీబీసీ వరల్డ్ సర్వీసులో 'లండన్ కాలింగ్' అనే పేరుతోనే కార్యక్రమాలు నిర్వహించి, ఆఫ్రికా, లాటిన్ అమెరికా సంగీతాన్ని శ్రోతలకు పరిచయం చేశాడు. 1999లో తనకంటె చిన్నవారైన వాద్యకారులతో 'ది మెస్కలెరోస్' బృందాన్ని నెలకొల్పాడు. 'రాక్ ఆర్ట్ అండ్ ది ఎక్స్-రే స్టైల్' (1999), 'గ్లోబల్ ఎ గో-గో' (2001) ఆల్బములను విమర్శకులు మెచ్చుకొన్నారు. రెండవ దానిలో 'భిండీ భాగీ' అనే పాట ఉన్నది. వలస వచ్చినవారి వంటకాలు, సంగీతాలు కలగలసిన లండన్ వీధులను వర్ణించే ఈ పాటకు భారతీయుల బెండకాయ కూర పేరు పెట్టడం విశేషం.

చివరి రోజులు, మరణం

2002 నవంబరు 15న లండన్‌లోని ఆక్టన్ టౌన్‌హాలులో, సమ్మె చేస్తున్న అగ్నిమాపక ఉద్యోగుల సహాయార్థం మెస్కలెరోస్ ప్రదర్శన ఇచ్చారు. ప్రేక్షకులలో ఉన్న మిక్ జోన్స్, 'బ్యాంక్‌రాబర్' అనే పాత పాట మొదలుకాగానే ఎవరూ పిలువకుండానే వేదికనెక్కి గిటారు అందుకొన్నాడు. 1983 తరువాత వీరిద్దరూ ఒకే వేదికపై వాయించడం అదే మొదటిసారి, అదే చివరిసారి. 2003 మార్చిలో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో క్లాష్‌ను చేర్చుకోనున్నారని అప్పటికే ప్రకటన వెలువడింది. ఆ వేడుకలో బృందమంతా కలిసి వాయించాలని స్ట్రమ్మర్ ఆశించాడు. సైమనన్ అందుకు సుముఖంగా లేడు.

2002 డిసెంబరు 22న స్ట్రమ్మర్ సోమర్‌సెట్ ప్రాంతంలోని బ్రూమ్‌ఫీల్డ్ గ్రామంలో తన ఇంట హఠాత్తుగా మరణించాడు. పుట్టుకతోనే ఉండి ఎన్నడూ బయటపడని గుండె లోపమే కారణమని వైద్యులు తేల్చారు. అప్పటికి ఇతని వయస్సు 50 సంవత్సరాలు. భార్య, మొదటి సహచరి వలన కలిగిన ఇద్దరు కుమార్తెలు ఉన్నారు. అసంపూర్ణంగా మిగిలిన పాటలను సహచరులు పూర్తిచేయగా 2003లో 'స్ట్రీట్‌కోర్' ఆల్బము వెలువడింది.

అంచనా, విమర్శ

స్ట్రమ్మర్ గొంతు శ్రావ్యమైనది కాదు. బొంగురుగా, పదాలు స్పష్టంగా వినిపించని రీతిలో పాడేవాడు. రాగం కంటె మాటకు, మాట కంటె ఆవేశానికి ప్రాధాన్యం ఇచ్చాడు. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ఐర్లండు బృందం యు2 ఇతని ప్రభావాన్ని గుర్తించారు.

విదేశాంగ ఉద్యోగి కుమారుడై, రుసుము చెల్లించే పాఠశాలలో చదివి, కార్మికుల పక్షాన పాడటం బూటకమని కొందరు విమర్శించారు. క్లాష్ తొలినాళ్ళలో ఇతడు తన కుటుంబ నేపథ్యాన్ని దాచిపెట్టిన మాట నిజమే. అయితే రాయల్టీ వదులుకొనడం, టికెట్ల ధరలు తగ్గించడం, డబ్బులేని అభిమానులను దొడ్డిదారిన కచేరీలోనికి అనుమతించడం వంటి పనులు ఇతని మాటకు బలం చేకూర్చాయి. సమాజంలో సంఘీభావాన్ని ప్రబోధించినవాడు సొంత బృందంలో దానిని నిలుపుకోలేకపోవడం ఇతని జీవితంలోని పెద్ద వైరుధ్యంగా జీవితచరిత్రకారులు పేర్కొన్నారు.

స్మృతి చిహ్నాలు

2003 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారాల సభలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ఎల్విస్ కాస్టెల్లో తదితరులు 'లండన్ కాలింగ్' పాడి నివాళులర్పించారు. యువ సంగీతకారులకు తోడ్పడేందుకు కుటుంబ సభ్యులు, మిత్రులు 'స్ట్రమ్మర్‌విల్' అనే సంస్థను స్థాపించారు. తరువాత దీని పేరు జో స్ట్రమ్మర్ ఫౌండేషన్ అయింది. 2007లో జూలియన్ టెంపుల్ ఇతని జీవితంపై 'ది ఫ్యూచర్ ఈజ్ అన్‌రిటన్' అనే డాక్యుమెంటరీ చిత్రం తీశాడు. ఇతడు ఎంతో ఇష్టపడిన స్పెయిన్ నగరం గ్రనడాలో 2013లో ఒక చిన్న కూడలికి ఇతని పేరు పెట్టారు.

ఆల్బముల జాబితా

ది క్లాష్ బృందంతో
ది క్లాష్ (1977)
గివ్ ఎమ్ ఎనఫ్ రోప్ (1978)
లండన్ కాలింగ్ (1979)
శాండినిస్టా! (1980)
కాంబాట్ రాక్ (1982)
కట్ ద క్రాప్ (1985)

ఏకవ్యక్తిగా
ఎర్త్‌క్వేక్ వెదర్ (1989)

ది మెస్కలెరోస్ బృందంతో
రాక్ ఆర్ట్ అండ్ ది ఎక్స్-రే స్టైల్ (1999)
గ్లోబల్ ఎ గో-గో (2001)
స్ట్రీట్‌కోర్ (2003, మరణానంతరం)